తెఱచుకొనని కవాటము

బ్రూస్‌పేటలో మా యింటి వెనుక సందున ఉదయము ఎనిమిది గంటలు మొదలు దీపములు పెట్టువఱకును కుట్టుమిషను చప్పుడు ఎడతెగక వినవచ్చుచుండెడిది. అది మా మేనకోడలి మిషను. జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టుట ఆమె పని. బళ్లారి జీన్సుకు దేశమంతట గిరాకి గలదని పత్రికలలో తఱచుగ చదువుచుందుము గాని, ఆ గిరాకి ఏయే సందులలో ఎందఱు స్త్రీల నడుములమీద నిలిచియున్నదో వ్రాయువారు అరుదు. 2024 మాఘమాసమున ఆ చప్పుడు నడుమనడుమ ఆగిపోవ మొదలిడెను. కరెంటు పోయినదేమోయని తొలుత అనుకొంటిమి. పోయినది కరెంటు కాదు. ఆమెకు ఊపిరి యందకుండెను.

మేడమెట్లు నాలుగెక్కునప్పటికి ఆయాసము, వెల్లకిల పడుకొన్నచో దగ్గు, దిండ్లు రెండు మూడు ఎత్తుపెట్టుకొని కూర్చుండియే తెల్లవార్చుట: ఈ లక్షణములతో ఆమె మూడు నెలలు ఉబ్బసపు మందులు మ్రింగెను. తుదకు, 1961లో ప్రభుత్వ వైద్యకళాశాలగా మొదలై నేడు ఈ జిల్లాకే గాక పొలిమేర కావలి ఆంధ్రగ్రామములకును పెద్దదిక్కైయున్న విమ్స్ ఆసుపత్రిలో గుండెకు ఎకో పరీక్ష చేసి, ఎడమవైపు పై గదికిని క్రింది గదికిని నడుమ నుండు మైట్రల్ కవాటము కుంచించుకొనిపోయినదని తేల్చిరి. కవాటమనగా తలుపని మన నిఘంటువులన్నియు చెప్పును. గుండెలోని యీ తలుపు ఎట్లు మూసికొనునో కొంచెము వివరింపవలసియున్నది. ఏలయన, తరువాతి వ్యాజ్యమంతయు ఆ తలుపుచుట్టునే తిరిగినది.

పసితనమున, సాధారణముగా ఐదేండ్లకును పదునైదేండ్లకును నడుమ, స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన గొంతునొప్పి వచ్చును. పెన్సిలిన్‌తో పోవలసిన యా నొప్పి వైద్యము లేక విడువబడినచో, కొందఱు పిల్లల దేహము ఆ సూక్ష్మజీవితో చేయు పోరాటమున పొరబడి తన గుండె కవాటములనే గాయపఱచుకొనును. దీనినే రుమాటిక్ హృద్రోగమందురు. గాయము మానుచు మానుచు మచ్చకట్టి, మచ్చ గట్టిపడి, ఇరువది ముప్పది యేండ్లకు తలుపు ఱెక్కలు రెండును అంచులవెంట అంటుకొనిపోవును. ఈ నడిమి కాలమంతయు రోగికి ఏమియు తెలియదు. ఆమె బడికి పోవును, పెండ్లియాడును, బిడ్డల కనును, బిందెలు మోయును. సంపన్నదేశములలో చాలవఱకు అంతరించిన యీ వ్యాధి, ఇఱుకు గదులలో పదిమంది యొక్కచోట నిదురించు మన పేటలలో ఇంకను అంతరింపలేదు. అనగా, రోగము ముప్పదియేండ్ల నాటిది. దానిని గూర్చిన యెఱుక మూడు దినముల నాటిది. ఈ రెంటికిని గల యంతరములోనే ఇన్సూరెన్సువారు తమ కుర్చీ వేసికొని కూర్చుండిరి.

అక్కడికి పోవుటకు ముందు మా యూరి మాట యొకటి. బ్రూస్ అను నొక యాంగ్లేయాధికారి పేరిట వెలసిన పేట మాది. 1800లో నిజాము దత్తము చేసిన మండలములలో చేరి కుంఫిణీవారి చేతికిని, తరువాత మద్రాసు రాజధానికిని చెందిన యూరు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి తాలూకానుగూర్చి విచారించిన మిశ్రా సంఘపు నివేదిక వెలువడిన పిమ్మట ఆ తాలూకా మైసూరునకును పోయినవి. ఇండ్లలో మాత్రము పంపకము జరుగలేదు. పెద్దమ్మ రాయదుర్గములో, చిన్నమ్మ బ్రూస్‌పేటలో. పెండ్లిపత్రిక తెలుగులో, కుళాయిపన్ను రసీదు కన్నడములో. ఏబది యేండ్లు ఈ గీత మమ్ముల నంతగా బాధింపలేదు. బాధించినది రోగము వచ్చినపుడు.

2007 ఏప్రిలు 1న రాజశేఖరరెడ్డి ప్రభుత్వము రాజీవ్ ఆరోగ్యశ్రీని మొట్టమొదట మూడు జిల్లాలలో ప్రారంభించినది: మహబూబునగరము, శ్రీకాకుళము, అనంతపురము. రాయదుర్గము అనంతపురము జిల్లాలోనిది. తెల్లకార్డుగల రాయదుర్గపు రోగికి గుండె శస్త్రచికిత్స ఉచితముగ జరుగుచుండ, అదే వంశమునకు చెంది, అదే జొన్నరొట్టె తిని, అదే గొంతునొప్పితో గుండె చెడిన బ్రూస్‌పేట రోగికి ఆ హక్కు లేకుండెను. కర్ణాటకమున 2003 నుండి సహకార సంఘముల రైతులకు యశస్విని యనునది యుండెను. ఏడాదికి అఱువది రూపాయల చందాతో మొదలైన గొప్ప ఏర్పాటది, వైద్యుడు దేవిశెట్టిగారి యూహ. కాని కుట్టుపనివారు ఏ పాలసంఘములో సభ్యులు? పేదలకు వాజపేయి ఆరోగ్యశ్రీ 2010లో గుల్బర్గా విభాగమున మొదలై, ఆ విభాగములోనిదే యగుటచేత బళ్లారికి వచ్చినది. మూడేండ్లు వెనుక. ఆ మూడేండ్లలో మా పేటనుండి లేచిన పాడెల నెవరును లెక్కింపలేదు గాని, ఆ పథకమునకే గల మఱియొక పొలిమేరవద్ద లెక్క జరిగినది: పథకమున్న గ్రామములను, గీత కావల అది యింకను రాని గ్రామములను కలిపి 572 ఊళ్లు పరిశీలించి, పథకమున కెక్కిన వ్యాధులవలన పేదలలో కలుగు మరణములు, ఉన్నచోట లేనిచోటికన్న సుమారు 64 శాతము తక్కువయని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించినది. పటముమీద ఒకడు గీత గీయును; దానికి ఏవైపున పుట్టితిమో దానినిబట్టి ఆయువు. జాతకము చూచువారికి సైతము ఇంత ధైర్యము లేదు.

ఇప్పుడు ఆ కొఱత కొంత తీరినది. 2018లో ఆయుష్మాన్ భారత్‌ను ఆరోగ్య కర్ణాటకతో కలిపి, బి.పి.ఎల్. కార్డుగల కుటుంబమునకు ఏడాదికి ఐదు లక్షల వఱకును వైద్యము నిచ్చుచున్నారు. అత్యవసరము కాని పెద్ద శస్త్రచికిత్సకు ముందుగా ప్రభుత్వాసుపత్రికి పోయి, అక్కడ ఆ వసతి లేదని రెఫరల్ చీటి వ్రాయించుకొని, పిమ్మట పట్టికలోని ప్రైవేటు ఆసుపత్రికి పోవలెను. నియమము సమంజసమైనదే. కాని కార్డు బి.పి.ఎల్. కానివారికి ప్యాకేజీ ధరలో 30 శాతము మాత్రమే, అదియు ఏడాదికి లక్షన్నర మించకుండ, ప్రభుత్వ మిచ్చును. మా మేనకోడలి భర్త బట్టలకొట్టులో గుమాస్తా. దరిద్రుడని చెప్పుటకు జీతపు చీటి అడ్డము, ధనికుడని చెప్పుటకు జీతమే అడ్డము. ఇట్టివారి కొఱకే ప్రైవేటు పాలసీ యున్నదని అందఱును చెప్పిరి. 2021లో అతడు ఐదు లక్షలకు కుటుంబ పాలసీ తీసికొనెను. ప్రీమియముమీద ఆనాడు 18 శాతము జి.ఎస్.టి. కూడ కట్టవలసియుండెను, ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి పోయినది.

ప్రపోజల్ ఫారము ఏజెంటు నింపెను. అది యాంగ్లములో నుండెను. బి.పి. యున్నదా, షుగరున్నదా, గుండెజబ్బున్నదా యని వరుసగా నున్న ప్రశ్నలకన్నిటికిని ఏజెంటు తనంతట తానే లేదని గుర్తులు పెట్టి, అడుగున సంతకము పెట్టించుకొనెను. ఆ గుర్తులు నిజమే యగుట వేఱు సంగతి. అడుగకయే వ్రాసినవాడు అబద్ధమును వ్రాసియుండినను మేము గుర్తింపగలిగియుండెడివారము కాము.

బెంగుళూరులో ఒక ఆసుపత్రియందు కవాటము మార్చవలెనని నిశ్చయమయ్యెను. కేష్‌లెస్ కొఱకు అభ్యర్థన పోయెను. మొదటి దినము సాయంకాలము అల్లుడు ఫోను చేసి, “మామా, క్వెరీ వచ్చిండాది” అనెను. క్వెరీయనగా ప్రశ్న; ఇన్సూరెన్సు పరిభాషలో ప్రశ్నవేషమున వచ్చు ఆలస్యము. మునుపటి వైద్యపు కాగితములు పంపుమనిరి, పంపితిమి. రెండవ క్వెరీ: రోగము ఎప్పటినుండి యున్నదో వైద్యుని ధ్రువపత్రము. అదియు పంపితిమి. మూడవ దినము ఉదయము, ఆమెను ఆపరేషనుకు సిద్ధము చేయుచుండగా, రోగము పాలసీకి ముందునుండి యున్నదనియు, ప్రపోజలులో దాచబడినదనియు, కావున కేష్‌లెస్ నిరాకరింపబడినదనియు సందేశము వచ్చెను. ఆసుపత్రి కౌంటరువారు మర్యాదగనే, “డబ్బు కట్టినాక తీసుకుంటాం” అని చెప్పిరి.

మా యక్క మెడలోని నాలుగు తులముల గొలుసు, మేనకోడలి గాజులు నాలుగు, గుంతకల్లు బంధువుల చేబదులు, కొట్టు యజమాని యడ్వాన్సు: అన్నియు కలిసి 3,80,000 రూపాయలయినవి. తలుపు మార్చిరి. లోహపు కవాటము. ఆమె బ్రతికినంతకాలము అది రక్తము పలుచబఱచు మాత్రలను, నెలనెలా ఐ.ఎన్.ఆర్. అను నెత్తురు పరీక్షను కోరును. ఈ పరీక్ష ఆసుపత్రిలో పడుకొని చేయించుకొనునది కాదు గనుక ఆమె పాలసీ యిచ్చునది కాదు. తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థవారు స్వదేశముననే రూపొందించిన కవాటమును తొలిసారిగ ఒక రోగి గుండెలో నమర్చినది 1990 డిసెంబరు 6న. విదేశపు కవాటపు ధర మోయలేని లక్షలాది జనులున్న దేశమున అట్టి పని జరిగినదని తలచినపుడు మనస్సునకు ఊరట కలుగును. కవాటము చేయువారి శ్రద్ధలో పదియవ వంతు కాగితము చేయువారికి లేకపోయెనే యన్నదే చింత.

ఇంటికి వచ్చిన పిమ్మట బిల్లులన్నియు జతపఱచి రీయింబర్స్‌మెంటు క్లెయిము పెట్టితిమి. నెలకు జాబు వచ్చెను. తిరస్కారము. ఈ మాట తెలుగునను కన్నడమునను ఒక్కటే యగుట మా సరిహద్దువారికి గల యొక సౌలభ్యము. కాని జాబు ఆ రెండు భాషలలోను లేదు. ఆంగ్లమున నొకటిన్నర పుట. అందులో మొదటిసారి మాకు అసలు కారణము కనబడినది: ఆసుపత్రిలో చేర్చుకొన్న రాత్రి డ్యూటీ వైద్యుడు కేస్‌షీటులో “ఐదేండ్లుగా ఆయాసము” అని వ్రాసియుండెను.

ఐదేండ్లు! ఆమె నడిగితిని. “నేను ఐదు నెల్లనే చెప్పితిని మామా. ఆయప్పకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు” అనెను. ఉత్తరదేశపు కుఱ్ఱవైద్యుడు, అర్ధరాత్రివేళ, పది మంచములనడుమ, తనకు రాని భాషలో ఒక స్త్రీ రొప్పుచు చెప్పిన మాటలలో అంకెను పట్టుకొని, దాని వెంటనున్న పదమును జాఱవిడిచెను. నే నతని నిందింపను. అతడు రోగమును సరిగ గుర్తించెను. ఆమె బ్రతుకుటకు అది చాలెను. క్లెయిము చచ్చుటకు మాత్రము ఈ యొక్క పదము చాలినది. పాలసీ వయసు మూడేండ్లు. ఆయాసము వయసు ఐదేండ్లు. తీసివేత లెక్క రెండవ తరగతి పిల్లవానికి వచ్చును.

బళ్లారి రాఘవగారు వకీలుగ వాదించిన వ్యాజ్యములను మఱచి, నటుడుగనే వారిని తలచుకొను ఊరు మాది. నాకు మాత్రము ఆ దినములలో వకీలు రాఘవయే తలపునకు వచ్చుచుండెను. పదవీవిరమణ చేసిన బడిపంతులను; చట్టము చదివినవాడను కాను. అయినను తెఱపి గలవాడను గనుక చదివితిని.

చదివినకొలది తెలిసినది ఏమనగా, “ముందే ఉన్న వ్యాధి” యన్న మాటకు బీమా నియంత్రణ సంస్థ యిచ్చిన నిర్వచనము వైద్యునిది కాదు, కాలజ్ఞానిది కాదు, కాగితముది. పాలసీ మొదలగుటకు ముందు నిర్ణీత కాలములో ఒక వైద్యుడు నిర్ధారించినదియో, వైద్యుని సలహా గాని చికిత్స గాని పొందినదియో మాత్రమే ముందే ఉన్న వ్యాధి. మా పాలసీ తీసికొన్ననాటికి ఆ కాలము 48 నెలలు. 2024 నుండి 36 నెలలకు తగ్గించిరి. కావున ముప్పదియేండ్లనాడు గొంతులో పుట్టి గుండెలో దాగి, ఏ వైద్యుడును పేరు పెట్టని జబ్బు, శాస్త్రదృష్టిచే ముందున్నదే యైనను, పాలసీదృష్టిచే ముందు లేనట్లే. తెలియనిదానిని దాచుట ఎవరికిని సాధ్యము కాదు.

న్యాయస్థానములు ఏకపక్షముగ నున్నవని చెప్పను. తెలిసిన మధుమేహమును, మూత్రపిండముల వ్యాధిని ప్రపోజలులో దాచినవాని క్లెయిమును త్రోసిపుచ్చుట న్యాయమేయని 2009లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అది సరియైన తీర్పనియే నా యభిప్రాయము, ఏలయన దాచినవాని సొమ్ము దాచనివారి ప్రీమియమునుండియే పోవును. కాని 2021 డిసెంబరు 6న అదే న్యాయస్థానము, అమెరికాకు పోయి గుండెపోటు వచ్చి మూడు స్టెంట్లు వేయించుకొన్న యొక పాలసీదారుని పక్షమున తీర్పు చెప్పుచు, ఉన్న రోగములను ప్రపోజలులో తెలిపిన పిమ్మట, వాని నెఱిగియే పాలసీ యిచ్చిన కంపెనీ, ఆ రోగములనే సాకుగ చూపి క్లెయిమును తిరస్కరింపరాదన్నది. చెప్పవలసినవాడు చెప్పవలెను, అడుగవలసినవాడు ముందే అడుగవలెను. ప్రీమియము పుచ్చుకొనునపుడు నిద్రించి, క్లెయిము వచ్చినపుడు మేల్కొనుట వ్యాపారము కావచ్చును, బీమా కాదు.

మూడు కాగితములు సంపాదించితిని. మొదటిది, ఆసుపత్రిలో ఆ డ్యూటీ వైద్యునికి పైవాడైన సర్జను వ్రాసియిచ్చిన దిద్దుబాటు: ఐదేండ్లు కాదు, ఐదు నెలలు. దీనికై బెంగుళూరునకు రెండుమాఱులు రాత్రి బస్సు ఎక్కవలసివచ్చెను. రెండవది, పాలసీకి ఏడాది ముందు ఆమెకు రెండవ కాన్పు జరిగిననాటి ఆసుపత్రి పత్రము. అందు గుండెనుగూర్చి ఏ లోపమును వ్రాయబడలేదు. మూడవది, విమ్స్‌లో మొట్టమొదట ఎకో తీసిన చీటి, దానిమీది తేది. ఈ మూడింటితో కంపెనీ ఫిర్యాదుల విభాగమునకు వ్రాసితిని. తిరస్కరించునపుడు పాలసీలోని యే నిబంధన ననుసరించి తిరస్కరించిరో చూపవలెననియు, క్లెయిముల సమీక్షాసంఘపు అనుమతి లేక ఏ క్లెయిమును త్రోసివేయరాదనియు 2024 మే 29 నాటి నియంత్రణ సంస్థ సర్క్యులరు చెప్పుచున్నది. ఆ యనుమతి యేదియని అడిగితిని. నెల దాటినను నా ప్రశ్నకు ప్రత్యుత్తరము రాలేదు. వచ్చినది మొదటి జాబు నకలే.

అప్పుడు బెంగుళూరులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టితిమి. కర్ణాటకమున కంతటికిని ఆ కార్యాలయమే. ఆంధ్ర, తెలంగాణముల వారికి హైదరాబాదున గలదు. రుసుము లేదు. వకీలు అక్కఱలేదు, రానీయరు కూడ. ఏబది లక్షల వఱకు గల తగవులు విందురు, వారిచ్చిన అవార్డునకు కంపెనీ కట్టుబడవలెను. విచారణ వీడియోలో జరిగెను. ఫోనును బియ్యపు డబ్బాకు ఆనించి, ముందు మా మేనకోడలు, ప్రక్కన నేను కూర్చుంటిమి. ఆయాస మెప్పటినుండి యని అధికారి కన్నడమున నడిగెను. ఆమె కన్నడమున, “ఐదు తింగళు సార్” అనెను; తింగళనగా నెల. ఆ మాట మఱియొకమాఱు చెప్పించుకొని, ఆయన వ్రాసికొనెను.

శస్త్రచికిత్స జరిగిన పదకొండవ నెలలో 3,41,000 రూపాయలు ఖాతాలో పడినవి. తక్కిన దానిలో చేతితొడుగులవంటి పాలసీ కెక్కని సామగ్రి కొంత, గది అద్దె తేడా కొంత పోయెను. గొలుసు విడిపించితిమి, గాజులు వడ్డీలో పోయినవి. తాకట్టు వడ్డీ ఏ పాలసీలోను కవరు కాదు.

మిషను చప్పుడు మరల వినబడుచున్నది, పూటకు రెండు గంటలే. కరెంటు పోయిన రాత్రులలో, ప్రక్కన కూర్చున్నచో, ఆమె ఱొమ్ములోనుండి గడియారమువంటి సన్నని టిక్కుటిక్కు కూడ వినబడును. లోహపు తలుపు ఱెక్కల చప్పుడది. తొలుత పిల్లలు భయపడిరి. ఇప్పుడు దానిని వినుచు నిదురపోవుచున్నారు.

ఈ సంగతి పేటలో తెలిసిన పిమ్మట నలుగురు అట్టి జాబులనే మడిచి జేబులో పెట్టుకొని వచ్చిరి. ఒకరిది మోకాలి చిప్ప మార్పిడి, ఒకరిది వెన్నుపూస. నలుగురిలో ముగ్గురు, కంపెనీ కాదన్నదిగదా అని అంతటితో ఊరకుండినవారే. జాబులో ఏమున్నదో చదివించుకొనలేదు. కోరినచో పాలసీ సారాంశమును స్థానికభాషలో నీయవలెనని నియమమున్నది. మా యూరి స్థానికభాష ఏదని కంపెనీవారికి సందేహము కలిగినచో, రెండింటిలోను ఈయవచ్చును; మేము కాదనము.

ఇది చదువువారిలో ఎవరికైన అట్టి తిరస్కార పత్రము వచ్చియున్నచో, ముందు కేస్‌షీటు నకలు తీసికొని, రోగము ఎప్పటినుండి యని వ్రాసిన పంక్తిని చూడుడు. నియంత్రణ సంస్థ ఫోను నెంబరు 155255. మా యింటి అరుగు సాయంకాలము ఆరు గంటల తరువాత ఖాళీగనే యుండును. జాబు తెచ్చినచో చదివి పెట్టెదను. తిరస్కరించిన తేదినుండి ఏడాది దాటినచో అంబుడ్స్‌మన్ అర్జీ తీసికొనడు గనుక, ఆ లోపలనే రండు.